చిమ్నీలో మిగిలిన హైడ్రోకార్బన్ ఏది? ఒక కెటలిటిక్ ఆక్సిడైజర్ కేసు

యూనిట్ పేరు, ఊరు, యంత్రాలు సరఫరా చేసినవాళ్ల వివరాలు ఇక్కడ ఇవ్వడం లేదు. అంకెలను కొద్దిగా సవరించి గుండ్రంగా రాశాం, వాటి మధ్య నిష్పత్తులు మాత్రం మారలేదు. కెటలిటిక్ ఆక్సిడైజర్ అంటే సాల్వెంట్ ఆవిర్లను కెటలిస్ట్ (చర్యను వేగపరిచే పదార్థం) మీద తక్కువ వేడికే మండించి గాలిని శుభ్రం చేసే యంత్రం. అందులో కెటలిస్ట్ పాడైందని దాదాపు అందరూ నమ్మిన కేసు ఇది. లక్షల ఖర్చుతో కొత్త కెటలిస్ట్ కొనే దాకా వెళ్లి, అసలు కారణం దానికి రెండు మీటర్ల ముందున్న బర్నర్‌లో దొరికింది. ఎల్పీజీ నుంచి పైపు గ్యాస్‌కు మారే యూనిట్లు హైదరాబాద్, విజయవాడ, కాకినాడ వైపు ఎక్కువవుతున్నాయి కాబట్టి ఇది పది మందికీ పనికొస్తుంది.

నేపథ్యం

డిటర్జెంట్, విత్తనాల ప్యాకెట్లకు వాడే ఫిల్మ్ మీద గ్రావ్యూర్ ప్రింటింగ్, లామినేషన్ చేసే యూనిట్ ఇది. డ్రైయర్ల నుంచి వచ్చే గాలిలో ఇంకు, గమ్ము సాల్వెంట్ల ఆవిర్లు ఉంటాయి: బరువు లెక్కన 70 శాతం ఇథైల్ అసిటేట్, 30 శాతం టొల్యూయిన్. గాలి గంటకు 12,000 నార్మల్ ఘనపు మీటర్లు (0 డిగ్రీలు, సాధారణ వాతావరణ పీడనం లెక్కన). సగటు సాల్వెంట్ ఘనపు మీటరుకు 3 గ్రాములు. పేలుడు పరిమితికి ఇది చాలా దిగువనే ఉంటుంది.

గాలి నడిచే దారి ఇది: ఫ్యాన్, ప్లేట్ హీట్ ఎక్స్ఛేంజర్ (బయటికి పోయే వేడి గాలితో లోపలికి వచ్చే గాలిని వేడి చేసేది), బర్నర్ చాంబర్, కెటలిస్ట్ బెడ్, మళ్లీ హీట్ ఎక్స్ఛేంజర్ వేడి వైపు, చిమ్నీ. బర్నర్ డక్ట్ లోపలే ఉంటుంది, ప్రాసెస్ గాలి మంట చుట్టూ తిరిగి పోతుంది. 60 డిగ్రీల దగ్గర వచ్చే గాలి ఎక్స్ఛేంజర్‌లో 275 దాకా వేడెక్కుతుంది. మిగతా 55 డిగ్రీలు బర్నర్ ఇస్తే బెడ్ ముఖం దగ్గర సెట్ పాయింట్ (నిలపాల్సిన ఉష్ణోగ్రత) 330 అందుతుంది. బెడ్‌లో సాల్వెంట్ ఆక్సీకరణం చెంది ఉష్ణోగ్రత 390 దాటుతుంది.

కెటలిస్ట్ సిరామిక్ తేనెపట్టు దిమ్మెలు. వాటి మీద అల్యూమినా పూత, పూతలో ప్లాటినం, కొంచెం పల్లాడియం. రెండు పొరలు కలిపి 0.4 ఘనపు మీటరు, అంటే స్పేస్ వెలాసిటీ (గంటలో వచ్చే గాలిని కెటలిస్ట్ ఘనపరిమాణంతో భాగిస్తే వచ్చేది) గంటకు 30,000. ఫ్రేములో మూడో పొరకు ఖాళీ గాడి ఉంది.

ఐదేళ్ల పాటు బర్నర్ ఎల్పీజీ మీద నడిచింది. చిమ్నీలో మొత్తం హైడ్రోకార్బన్లు, కార్బన్‌గా లెక్కిస్తే, నార్మల్ ఘనపు మీటరుకు 20 నుంచి 30 మిల్లీగ్రాములు ఉండేవి. సరఫరాదారు ఇచ్చిన హామీ 50. తర్వాత యూనిట్ పైపు గ్యాస్‌కు మారింది. కాంట్రాక్టర్ గ్యాస్ నాజిళ్లు మార్చి, పెద్ద మంట దగ్గర సర్దుబాటు చేసి వెళ్లాడు. ఆ రోజు చిమ్నీ కొలత తీయలేదు. నాలుగు నెలల తర్వాత తీసిన కొలతలో 151 వచ్చింది. ఆ నాలుగు నెలల్లోనే ఒక కొత్త ఇంకు కూడా లైన్‌లోకి వచ్చింది, అందులో నురుగు రాకుండా సిలికోన్ వేస్తారు. సిలికోన్ కెటలిస్ట్‌కు శత్రువని ఈ రంగంలో అందరికీ తెలుసు. అందుకే అనుమానం నేరుగా దాని మీదికి పోయింది, గ్యాస్ మార్పు ఎవరికీ గుర్తు రాలేదు.

సమస్య ఎలా కనిపించింది

చిమ్నీ రీడింగ్ 151. చిమ్నీలో కార్బన్ మోనాక్సైడ్ 5 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5) లోపే. బెడ్ మీద ఉష్ణోగ్రత పెరుగుదల 58 నుంచి 62 డిగ్రీలు, అంటే ఎప్పటిలాగే.

ఈ మూడో అంకెను చాలామంది పెద్ద సాక్ష్యంగా తీసుకుంటారు. ఇక్కడ అది ఏమీ చెప్పలేదు, ఎందుకో లెక్క చూడండి. ఘనపు మీటరుకు ఒక గ్రాము టొల్యూయిన్ పూర్తిగా ఆక్సీకరణం చెందితే గాలి సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. అదే ఇథైల్ అసిటేట్ అయితే 17. ఈ మిశ్రమం 3 గ్రాములకు 63 డిగ్రీలు రావాలి. లోపలికి వచ్చే కార్బన్ దాదాపు 1,970 మిల్లీగ్రాములు. అందులో 150 జారిపోయిందంటే 7.6 శాతం, ఉష్ణోగ్రతలో 5 డిగ్రీల కన్నా తక్కువ తేడా. ప్రింటింగ్ డిజైన్ మారితేనే అంతకు మించి ఊగుతుంది. బెడ్ పెరుగుదల పెద్ద నష్టాన్ని పట్టిస్తుంది, 92 శాతానికీ 99 శాతానికీ తేడా పట్టించదు.

మోనాక్సైడ్ తక్కువగా ఉందని బర్నర్ శుభ్రంగా మండుతోందని రాశారు. ఈ మాట ఎందుకు తప్పో కింద వస్తుంది.

ముందు చేసినవి, వాటి వెనక ఆలోచన

మొదటి పని సెట్ పాయింట్ పెంచడం. కెటలిస్ట్ నీరసపడితే వేడి పెంచితే రీడింగ్ తగ్గాలి. బెడ్ పక్కనుంచి గాలి దొంగదారిన పోతుంటే వేడి పెంచినా రీడింగ్ అంతే ఉండాలి. 330 దగ్గర 151 ఉన్నది 360 దగ్గర 165 అయింది, 400 దగ్గర 175. పై రెండింటిలో ఏదీ కాకుండా మూడోది జరిగింది. వేడితో పాటు పెరిగేది చిమ్నీలో ఏదో ఉంది. కొలత పరికరం తప్పు చూపిస్తోందనుకుని యూనిట్ వాళ్లు క్యాలిబ్రేషన్ చేయించారు, అది సరిగ్గానే ఉంది.

తర్వాత బెడ్ తెరిచారు. ఫ్రేము రెండు మూలల్లో సిరామిక్ ఫైబర్ ప్యాకింగ్ ఊడిపోయి ఉంది. గాలిలో ఒక్క శాతం పక్కదారి పట్టినా 20 మిల్లీగ్రాములు అవుతుంది, కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ప్యాకింగ్ కొత్తగా కూరితే రీడింగ్ 140కి దిగింది. నిజమైన లోపమే, కానీ పెద్ద లోపం ఇంకా మిగిలే ఉంది.

ముందు పొర ముఖం మీద తెల్లటి పొడి పేరుకుంది. సిలికోన్ వేడి కెటలిస్ట్ మీద సిలికాగా మారి పూత రంధ్రాలు మూస్తుంది. సరఫరాదారు పద్ధతి ప్రకారం డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లు, పలచటి అసిటిక్ ఆమ్లంతో కడిగి, ఆరబెట్టి, మెల్లగా వేడి చేసి పెట్టారు. రీడింగ్ కదల్లేదు. ఆ కడుగుడు దుమ్ముకు, ఫాస్ఫరస్‌కు పనిచేస్తుంది. గట్టిగా పట్టిన సిలికాను మెత్తటి ఆమ్లం తీయలేదు.

అప్పుడు కొత్తది కొనాలనే మాట వచ్చింది. కొనే ముందు రెండు పొరల నుంచీ చిన్న ముక్కలు కోసి ల్యాబ్‌కు పంపమన్నాం. అదే స్పేస్ వెలాసిటీలో సాల్వెంట్‌లో సగం మండిపోయే ఉష్ణోగ్రత కొలిచారు. టొల్యూయిన్‌కు కొత్త నమూనా 195 డిగ్రీలు, వెనక పొర 200, ముందు పొర 235. ఇథైల్ అసిటేట్ ప్లాటినం మీద టొల్యూయిన్ కన్నా మొండిది: కొత్తది 240, వెనక పొర 245, ముందు పొర 280. ముందు పొర దెబ్బతిన్న మాట నిజం. అయినా 330 డిగ్రీల దగ్గర రెండు పొరలూ కలిస్తే రెండు సాల్వెంట్లూ 99 శాతం పైన పోవాలి. ఈ కెటలిస్ట్ 140 మిల్లీగ్రాముల సాల్వెంట్ వదిలే స్థితిలో లేదు.

ల్యాబ్ ఒకటి చెబుతోంది, చిమ్నీ ఇంకొకటి. రెండూ నిజమైతే, ల్యాబ్‌లో పెట్టని పదార్థం ఏదో చిమ్నీలో ఉండాలి. ఈ ఒక్క వాక్యం దగ్గరే కేసు మలుపు తిరిగింది.

దారి చూపిన పరీక్షలు

షిఫ్ట్ ఆపరేటర్ అప్పటికే ఒక మాట అన్నాడు: "ప్రింటింగ్ ఆపినా రీడింగ్ పడట్లేదు సార్, ఇంకా పెరుగుతోంది." దాన్నే పద్ధతిగా చేశాం. లైన్లన్నీ ఆపి, ఇంకు ట్రేలు మూసి, శుభ్రమైన గాలి మాత్రమే పంపుతూ బెడ్‌ను 330 దగ్గర నిలబెట్టాం. సాల్వెంట్ లేనప్పుడు రీడింగ్ సున్నా దగ్గర ఉండాలి. 230 వచ్చింది.

తర్వాత బర్నర్ ఆపి, ఫ్యాన్ నడిపిస్తూనే రీడింగ్ చూశాం. నిమిషంలోపే 10 కిందికి పడిపోయింది, అప్పటికి బెడ్ ఇంకా 300 పైనే ఉంది. డక్టుల్లో పేరుకున్న ఇంకు జిడ్డు ఆవిరవుతుంటే అంత త్వరగా పడదు. పరికరం సున్నా జారి ఉంటే అసలు పడదు. బర్నర్‌తో వస్తోంది, బర్నర్‌తో పోతోంది. సెట్ పాయింట్ పెంచినా, సాల్వెంట్ ఇచ్చే వేడి లేకపోయినా బర్నర్ ఎక్కువ మండాలి, అందుకే ఆ రెండుసార్లూ రీడింగ్ పెరిగింది.

హీట్ ఎక్స్ఛేంజర్ లీక్ అనుమానాన్ని కూడా అక్కడే తీర్చేశాం. బెడ్ దాటిన వెంటనే ఒక నమూనా, చిమ్నీ దగ్గర ఒక నమూనా తీశాం, ప్రింటింగ్ నడుస్తుండగా. రెండూ 5 మిల్లీగ్రాముల లోపు తేడాతో సమానం. ప్లేట్లు చిల్లి పడి ముడి గాలి కలుస్తుంటే చిమ్నీ రీడింగ్ ఎక్కువ ఉండాలి.

మిగిలింది, ఆ హైడ్రోకార్బన్ ఏదో తేల్చడం. దానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పోర్టబుల్ ఎఫ్ఐడీ (హైడ్రోజన్ మంటతో హైడ్రోకార్బన్లను కొలిచే పరికరం) ముందు ఒక స్టీల్ గొట్టం పెట్టి, అందులో 15 గ్రాముల గుళికల యాక్టివేటెడ్ చార్‌కోల్ నింపండి. రెండు చివర్లా గాజు ఉన్ని పెట్టండి. చార్‌కోల్ టొల్యూయిన్‌ను, ఇథైల్ అసిటేట్‌ను పట్టేస్తుంది, మీథేన్‌ను వదిలేస్తుంది. కొంత ఈథేన్ కూడా దాటుతుంది, అది గుర్తుంచుకోవాలి. జాగ్రత్తలు మూడే. నమూనాను 40 డిగ్రీల లోపు చల్లార్చి, నీటిని ముందే ఒక సీసాలో దింపేయాలి, ఎందుకంటే తడిసిన చార్‌కోల్ సాల్వెంట్‌ను సరిగా పట్టదు. మొదలుపెట్టే ముందు గొట్టం మూతి దగ్గర టొల్యూయిన్ తడిపిన దూది చూపించి రీడింగ్ లేవడం లేదని ఖాయం చేసుకోవాలి. రెండు మూడు నిమిషాల్లో కొలత ముగించాలి. ఎఫ్ఐడీలో హైడ్రోజన్ మంట ఉంటుంది, ఇంకు గదిలోకి తీసుకెళ్లొద్దు.

ప్రింటింగ్ నడుస్తుండగా చార్‌కోల్ లేకుండా రీడింగ్ 140, చార్‌కోల్‌తో 130. అంటే సాల్వెంట్ 10 మిల్లీగ్రాములే, మిగతాదంతా చార్‌కోల్‌ను దాటింది. నమూనా సంచిని గ్యాస్ క్రోమాటోగ్రాఫ్‌కు (వాయువులను విడదీసి కొలిచే పరికరం) పంపితే మీథేన్ 240 పీపీఎం అని వచ్చింది. పైపు గ్యాస్‌లో ఎక్కువ భాగం మీథేనే. ఒక పీపీఎం మీథేన్ కార్బన్ లెక్కన 0.536 మిల్లీగ్రాములు, గుణిస్తే 129. లెక్క కుదిరింది.

గ్యాస్ మీటరు దగ్గర కూడా కుదిరింది. బెడ్ ముందు గాలిని 55 డిగ్రీలు పెంచడానికి దాదాపు 245 కిలోవాట్లు కావాలి, అంటే గంటకు 24.6 ఘనపు మీటర్ల గ్యాస్. మీటరు 27.5 చూపిస్తోంది. తేడా సుమారు 2.9. 12,000 ఘనపు మీటర్ల గాలిలో 240 పీపీఎం కూడా 2.9 ఘనపు మీటర్లే. కొన్న గ్యాస్‌లో పదో వంతు కన్నా ఎక్కువ మండకుండా చిమ్నీలోంచి పోతోంది.

మీథేన్ ఎందుకు మిగిలింది

మీథేన్‌లో మొదటి కార్బన్-హైడ్రోజన్ బంధం తెంచడానికి మోలుకు సుమారు 439 కిలోజౌళ్లు కావాలి. ప్రొపేన్ మధ్య కార్బన్ దగ్గర అది 410 చుట్టూ, టొల్యూయిన్ పక్క గొలుసు దగ్గర 375 చుట్టూ. పైగా మీథేన్ లోహం మీద బాగా అతుక్కోదు. గాలిలో ఆక్సిజన్ పుష్కలంగా ఉన్నప్పుడు ప్లాటినం ఉపరితలాన్ని ఆక్సిజన్ కప్పేస్తుంది, మీథేన్‌కు చోటు దొరకదు. టొల్యూయిన్ బలంగా అతుక్కుంటుంది కాబట్టి ఆ పోటీలో నెగ్గుకొస్తుంది. అందుకే టొల్యూయిన్‌ను 200 డిగ్రీల దగ్గర మండించే ప్లాటినం, మీథేన్‌కు 450, 500 దాటినా నిదానంగానే పనిచేస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ మాత్రం 200 డిగ్రీల చుట్టూనే పోతుంది. 1820ల్లోనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ ఈ తేడాను వాడుకుని, ప్లాటినంతో హైడ్రోజన్‌ను, మోనాక్సైడ్‌ను మండించి మీథేన్‌ను వేరుగా కొలిచాడు. ఇవాళ్టి ఎనలైజర్లలో మీథేన్‌ను వేరు చేసే కట్టర్లూ ఆ సూత్రం మీదే నడుస్తాయి.

ఇప్పుడు మోనాక్సైడ్ సంగతి. బర్నర్ మంట సగంలో చల్లారితే మోనాక్సైడ్, మండని గ్యాస్ రెండూ వస్తాయి. ఈ యూనిట్‌లో మోనాక్సైడ్‌ను కెటలిస్ట్ తినేస్తుంది, మీథేన్‌ను వదిలేస్తుంది. చిమ్నీ దగ్గర నిలబడి చూస్తే బర్నర్ తప్పుకు సాక్ష్యమైన వాయువు మాయమై, కెటలిస్ట్ తప్పులా కనిపించే వాయువు మిగులుతుంది. బర్నర్‌ను చిమ్నీ మోనాక్సైడ్‌తో అంచనా వేసే అలవాటు కెటలిటిక్ యూనిట్లలో పూర్తిగా మానాలి.

మరి ఎల్పీజీ రోజుల్లో ఎందుకు కనబడలేదు? పాత లాగ్ షీట్లు జవాబిచ్చాయి. ఆదివారాలు సాల్వెంట్ లేకుండా బెడ్‌ను వేడిగా ఉంచిన గంటల్లో, బెడ్ బయటి ఉష్ణోగ్రత లోపలి కన్నా 8, 9 డిగ్రీలు ఎక్కువ రాసి ఉంది. శుభ్రమైన గాలికి అది సున్నా ఉండాలి, వేడి నష్టం వల్ల ఒకటి రెండు తగ్గినా తగ్గొచ్చు. అంటే అప్పుడూ బర్నర్ మండని ఇంధనాన్ని వదులుతూనే ఉంది. అది ప్రొపేన్, బ్యూటేన్ కాబట్టి 330 దగ్గర కెటలిస్ట్ వాటిలో చాలా మటుకు మండించేసింది. లోపం ఐదేళ్లు అక్కడే ఉంది, కెటలిస్ట్ దాన్ని కప్పిపెట్టింది. గ్యాస్ మారాక అవే గంటల్లో పెరుగుదల 3, 4 డిగ్రీలకు తగ్గింది, అది మోనాక్సైడ్ వాటా.

లోపం కూడా గ్యాస్‌తో పాటు పెరిగింది. గాలిలో ప్రొపేన్ 2.1 శాతం ఉన్నా మంట నిలుస్తుంది, మీథేన్‌కు 5 శాతం కావాలి. చల్లటి గాలి మంటను కోసేచోట ప్రొపేన్ ఇంకాస్త దూరం మండుతుంది, మీథేన్ ముందే ఆగిపోతుంది.

ఫలించని దారి: పల్లాడియం పొర

మీథేన్ అని తేలగానే యూనిట్ వాళ్లకు సహజంగా తోచిన ఆలోచన: మీథేన్‌కు పల్లాడియం మంచిది, మూడో గాడి ఖాళీగా ఉంది, ఒక పొర పెడదాం. బర్నర్ విప్పాలంటే మూడు నాలుగు రోజులు ఉత్పత్తి ఆగుతుంది, పొర పెట్టడం ఒక షిఫ్ట్ పని. ఆ లెక్కలో తప్పు లేదు. కాబట్టి 0.13 ఘనపు మీటరు పల్లాడియం-అల్యూమినా పొర అద్దెకు తెచ్చి చూశారు.

330 దగ్గర మీథేన్ 240 నుంచి 225కు దిగింది, అంతే. సెట్ పాయింట్ 430 చేస్తే బెడ్‌లోకి వచ్చే మీథేన్‌లో సగానికి పైగా పోయింది. కానీ అంత వేడికి గ్యాస్ వాడకం 27.5 నుంచి 45కు చేరింది. గ్యాస్ పెరిగితే జారే మీథేన్ కూడా ఆ నిష్పత్తిలో పెరుగుతుంది. జారిన గ్యాస్‌ను మండించడానికి ఇంకా గ్యాస్ మండించాల్సి వచ్చింది. చిమ్నీ రీడింగ్ 100 దగ్గర ఆగి, మూడు వారాల్లో 160కి పాకింది.

ఆ పాకుడుకు కారణం తెలుసుకోవడానికి ఒక దిమ్మె ల్యాబ్‌కు వెళ్లింది. పల్లాడియం మీద మీథేన్ ఆక్సీకరణం పల్లాడియం ఆక్సైడ్ తన ఆక్సిజన్ ఇచ్చి, గాలి నుంచి మళ్లీ తీసుకోవడం ద్వారా నడుస్తుంది. 450 డిగ్రీల లోపు నీటి ఆవిరి ఉంటే ఉపరితలం మీద హైడ్రాక్సిల్ గుంపులు పేరుకుని ఆ చక్రాన్ని నెమ్మదింపజేస్తాయి. వానాకాలపు గాలి తేమ, మంట నీరు, సాల్వెంట్ నీరు కలిపి ఈ డక్ట్‌లో దాదాపు 3 శాతం ఆవిరి ఉంది. ల్యాబ్‌లో 550 డిగ్రీల పొడి గాలిలో నాలుగు గంటలు ఉంచితే పోయిన చురుకుదనంలో మూడొంతులు తిరిగొచ్చింది. అది నీటి వాటా. తిరిగి రానిది గంధకం అయి ఉండడానికే అవకాశం ఎక్కువ: గ్యాస్‌కు వాసన కోసం కలిపే మెర్‌క్యాప్టాన్ మండి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, పల్లాడియం దాన్ని సల్ఫేట్‌గా పట్టుకుంటుంది. ఆ సల్ఫేట్ ఊడాలంటే ఇంకా ఎక్కువ వేడి, లేదా ఆక్సిజన్ లేని వాతావరణం కావాలి. ఈ యూనిట్‌లో రెండూ కుదరవు. పొర తీసేసి వెనక్కి పంపారు.

ఈ దశలో ఇంకో ప్రతిపాదన వచ్చింది. మీథేన్ తీసేస్తే సాల్వెంట్ 10 మిల్లీగ్రాములే, హామీ 50. మీథేన్ కాని హైడ్రోకార్బన్లుగా రిపోర్టు రాసి కేసు ముగిద్దాం అని. రిపోర్టులో ఆ అంకె విడిగా ఉండాల్సిందే, అందులో అభ్యంతరం లేదు. కానీ గంటకు 2.9 ఘనపు మీటర్లంటే రోజుకు దాదాపు 50 కిలోల మీథేన్. నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కన్నా 28 రెట్లు వేడి పట్టే వాయువు అది, పైగా డబ్బిచ్చి కొన్నది. మంట సరిగా లేని బర్నర్‌ను అలాగే నడపడం భద్రత రీత్యా కూడా తప్పు. ఇక్కడ ఆగకూడదని గట్టిగా చెప్పాం. యాజమాన్యం ఒప్పుకుంది.

ఫలించింది: బర్నర్

ముందుగా బర్నర్‌కూ బెడ్‌కూ మధ్య నమూనా తీసే పోర్టు పెట్టించాం, అసలు యంత్రంలో అది లేదు. ఒక అంగుళం సాకెట్, స్టీల్ ప్రోబ్. ఒక్క చోట కొలిస్తే చాలదు, డక్ట్ అడ్డంగా ఐదు లోతుల్లో కొలవాలి. ఒక వైపు మోనాక్సైడ్ 190, ఇంకో వైపు 650, సగటు 420 పీపీఎం. ఆ అసమానతే ఎక్కడ చూడాలో చెప్పింది.

విప్పి చూస్తే, బర్నర్ చుట్టూ గాలిని సమంగా పంచే ప్రొఫైల్ ప్లేట్ వేడికి వంగిపోయి ఉంది. మంటకూ ప్లేట్‌కూ మధ్య సందు ఒక వైపు 25 మిల్లీమీటర్లు, ఇంకో వైపు 60. వెడల్పు సందులోంచి 275 డిగ్రీల గాలి మంట మీదికి జెట్‌లా కొడుతోంది. మంటకు అది చల్లటి గాలే.

పని రెండు దశల్లో జరిగింది. మొదట గాలి-గ్యాస్ నిష్పత్తి. ఒకే వేడికి మీథేన్‌కూ ప్రొపేన్‌కూ కావలసిన గాలి దాదాపు సమానం కాబట్టి కాంట్రాక్టర్ గాలి డ్యాంపర్ (గాలిని తగ్గించి పెంచే తలుపు) ముట్టుకోలేదు. పెద్ద మంట దగ్గర అది సరిపోయింది. చిన్న మంట దగ్గర మాత్రం కొత్త గ్యాస్ వాల్వ్ గాలి కన్నా వేగంగా మూసుకుంటోంది, మంట పలచబడిపోతోంది. ఉత్పత్తి సమయంలో బర్నర్ ఎక్కువగా నడిచేది అక్కడే. గ్యాస్ వాల్వ్‌ను, గాలి డ్యాంపర్‌ను కలిపి నడిపే లింకేజీని చిన్న మంట నుంచి పెద్ద మంట దాకా ఆరు స్థానాల్లో, కొత్త పోర్టు దగ్గర మోనాక్సైడ్ చూస్తూ సర్దారు. మోనాక్సైడ్ 420 నుంచి 230కి, మీథేన్ 240 నుంచి 150కి దిగాయి.

రెండో దశలో ప్లేట్ కొత్తది వేసి, సందు నాలుగు వైపులా 35కు సమం చేశారు. మంట చుట్టూ 600 మిల్లీమీటర్ల పొడవు 310 గ్రేడ్ స్టెయిన్‌లెస్ తొడుగు బిగించారు, ప్రాసెస్ గాలి కలిసేలోపు మంట పూర్తి కావడానికి. తొడుగు ఒక చివర మాత్రమే వెల్డ్ చేయాలి. రెండు చివర్లా బిగిస్తే వేడికి సాగే చోటు లేక మళ్లీ వంగుతుంది.

తర్వాత కొలతలు: బెడ్ ముందు మోనాక్సైడ్ 40 పీపీఎం, మీథేన్ 25. చిమ్నీలో మొత్తం 21 మిల్లీగ్రాములు, అందులో సాల్వెంట్ 8. గ్యాస్ గంటకు 25 ఘనపు మీటర్లకు దిగింది. కెటలిస్ట్ అదే పాతది, సెట్ పాయింట్ అదే 330.

సిలికోన్ సంగతి వేరుగా తేల్చారు. నురుగు తగ్గించే ఆ పదార్థాన్ని సిలికోన్ లేనిదానితో మార్చారు. పాడైన ముందు పొరను తీయకుండా అక్కడే ఉంచారు, మిగతా సిలికా వచ్చినా అదే పడుతుంది.

నేర్చుకున్నవి, అమల్లో పెట్టినవి

చిమ్నీ రిపోర్టులో మొత్తం హైడ్రోకార్బన్లు, మీథేన్, మీథేన్ కానివి మూడూ విడివిడిగా రాయాలని యూనిట్ తన టెస్టింగ్ ఆర్డర్‌లో చేర్చింది. మొత్తం అనే ఒక్క అంకెలో 200 డిగ్రీలకు పోయేదీ 500కూ పోనిదీ కలిసిపోతాయి. వాటిలో ఏది మిగిలిందో తెలియకుండా కెటలిస్ట్ మీద తీర్పు చెప్పడానికి వీల్లేదు. కెటలిస్ట్ ముక్కలను ల్యాబ్‌కు పంపేటప్పుడు సాల్వెంట్లతో పాటు బర్నర్ ఇంధనాన్ని కూడా పరీక్షించమని రాయాలి.

వేడి పెంచితే రీడింగ్ పెరిగితే, బర్నర్ దగ్గర మొదలుపెట్టండి. ఈ కేసులో ఆ ఆధారం మొదటి వారంలోనే చేతిలో ఉంది. బెడ్ తెరవడం, కడగడం, ముక్కలు కోయడం కన్నా ముందే సాల్వెంట్ లేని పరీక్ష, బర్నర్ ఆపి చూసే పరీక్ష చేసి ఉండాల్సింది. రెండింటికీ కలిపి ఒక పూట చాలు, ఏమీ విప్పక్కర్లేదు.

ఇంధనం మార్చిన రోజే బెడ్ ముందు మోనాక్సైడ్, మీథేన్ చిన్న మంట, మధ్య మంట, పెద్ద మంట దగ్గర కొలిచి కాంట్రాక్టర్ సంతకం తీసుకోవాలి. పోర్టు లేకపోతే మార్పిడి షట్‌డౌన్‌లోనే పెట్టించుకోవాలి. నడిచే యంత్రానికి తర్వాత పెట్టాలంటే మళ్లీ ఆపాలి.

ఆదివారం లాగ్ షీట్‌లో ఇప్పుడు ఒక గడి అదనంగా ఉంది: సాల్వెంట్ లేకుండా, బెడ్ 330 దగ్గర అరగంట స్థిరపడ్డాక, లోపలి బయటి ఉష్ణోగ్రతల తేడా. మరమ్మతు తర్వాత అది సున్నాకు ఒక డిగ్రీ అటూ ఇటూగా ఉంటోంది. 3 డిగ్రీలు దాటితే ఆపరేటర్ అదే షిఫ్ట్‌లో కొత్త పోర్టు దగ్గర మోనాక్సైడ్ కొలవాలి, 100 పీపీఎం పైన ఉంటే ప్లేట్, తొడుగు చూడటానికి షట్‌డౌన్ అడగాలి. మీథేన్ ఒక్కటే జారితే ఈ గడిలో కనబడదు, అది కెటలిస్ట్ మీద వేడి పుట్టించదు. అందుకే నెలకోసారి చార్‌కోల్ గొట్టంతో చిమ్నీ దగ్గర రెండు రీడింగులు కూడా తీస్తున్నారు.